కొళాయిపురం రాణులు

ఆ ఏడు ఎండాకాలం సెలవులు రెండుసార్లు పొడిగించారు. మొదటిసారి మేం గెంతులేశాం. రెండోసారి మా అమ్మలు తలలు పట్టుకున్నారు. ఖిదిర్‌పూర్‌లో బెంగాల్ వచ్చి స్థిరపడ్డ మా తెలుగువాళ్ల స్వీపర్ క్వార్టర్స్ అంటే ఒక్కో కుటుంబానికి ఒక్కో గది, ముప్పై కుటుంబాలకి రెండు కొళాయిలు. అలాంటిచోట పద్నాలుగూ పదిహేనేళ్ల ఆడపిల్లలు పగలంతా ఖాళీగా ఉంటే కొట్లాటలే. వాటిలో సగం నావి.

మమ్మల్ని ఎక్కడో ఒకచోట కుదురుగా కూర్చోబెట్టాలని మా అమ్మ సువర్ణ తెచ్చిపెట్టిన గ్రహచారం ఉదయశ్రీ దిది. అక్కని అక్కడ దిది అంటారు.

అమ్మ భవానీపూర్‌లో ఒక సందు ఊడుస్తుంది. ఓ పొద్దున్న ఫోన్లో నాన్న మీద తెలుగులో కేకలేస్తుంటే, పైన బాల్కనీలోంచి ఎవరో "మీరు తెలుగువాళ్లా?" అన్నారట. బ్యాంకు ఆఫీసరుగారి అమ్మాయి. ఎమ్మే అయిపోయి ఇంట్లో ఉంది. మాటామాటా కలిసింది. మా పిల్లకి తెలుగు మాట్లాడ్డమే గాని అక్షరం ముక్క రాదని అమ్మ చెప్పుకుంటే, "నేనొచ్చి నేర్పుతాను" అందట. ఆ సంగతి అమ్మ ఇంటికొచ్చి పండగలా చెప్పింది.

"తెలుగు సదివితే ఏటొస్తాది?" అన్నాను. నాది హిందీ మీడియం. తొమ్మిది గట్టెక్కి పదిలోకి వచ్చాను. పరీక్షలో లేని చదువు ఎందుకని నా ఉద్దేశం.

"ముందు నీకు బుద్దొస్తాది" అంది అమ్మ.

మా క్వార్టర్స్ క్లబ్బు గదిలో క్యారంబోర్డు పక్కకి జరిపి చాప వేశారు. మేం ముగ్గురం. నేను మేరీరాణి. పక్కింటి పాప, అసలు పేరే పాప. మూడోది జ్ఞానప్రసూన. ఆ పేరు పూర్తిగా పిలిచేలోపు బస్సు వెళ్లిపోతుందని జ్ఞానం అనేవాళ్లం. ఆ జ్ఞానం దాని దగ్గర ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలీదు.

దిది మూడు కొత్త పలకలు పట్టుకుని వచ్చింది. మీసాలొచ్చినవాడికి లాలిపాట పాడినట్టుంది మాకు. పైగా మొదటిరోజే ఒక తప్పు చేసింది. నేను "ఇదేటి దిది?" అంటే, "ఏటి కాదు, ఏమిటి అనాలి" అంది.

"అయితే మా మామ్మ డెబ్బైయేళ్ల బట్టి తప్పే మాటాడతందా?" అంది పాప.

ఆ క్షణం నుంచి యుద్ధమే. ఆమె తెలుగులో అడిగితే మేం బెంగాలీలో చెప్పేవాళ్లం. బెంగాలీలో అడిగితే హిందీలో. పలక మీద 'అ' రాయమంటే జ్ఞానం చక్కగా పిల్లిబొమ్మ వేసి ఇచ్చేది. నాలుగో రోజు దిది కళ్లలో నీళ్లు తిరిగాయి. మేం గెలిచామనుకున్నాం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

అయిదో రోజు పలకలు తేలేదు. సుద్దముక్క తెచ్చింది. మాతో ఒక్క మాట మాట్లాడకుండా క్లబ్బు గోడ మీద పెద్ద వంకరటింకర గీత గీసి, చుట్టి తెచ్చి కలిపింది.

"ఇదొక రాజ్యం. రాజు లేడు. రాణులు ముగ్గురు. ఇంకా పేరు పెట్టలేదు" అంది.

ముందు జ్ఞానం ఉండబట్టలేకపోయింది.

"అక్కడ నీళ్లొస్తాయా?"

"రోజంతా వస్తాయి."

"లైన్లో నిలబడక్కర్లేదా?"

"అక్కర్లేదు. ఎవరి కొళాయి వాళ్లదే."

"అయితే కొళాయిపురం అని పెట్టీండి" అంది పాప. మా ముగ్గురికీ నవ్వొచ్చింది. దిది నవ్వలేదు. ఎంతో పెద్ద ఊరి పేరు రాసినట్టు రాజ్యం నడిమధ్య 'కొళాయిపురం' అని రాసింది. పైగా ఒక షరతు పెట్టింది. గోడ మీద రాసిందే ఆ రాజ్యంలో చట్టం. నోటిమాట చెల్లదు. రాణి తన చేత్తో రాయాలి, తెలుగులో రాయాలి. దిది చెయ్యి పట్టుకుని రాయించదు, అడిగితే అక్షరం మాత్రం చూపిస్తుంది.

పాపకి ముగ్గురు అన్నలు. నీళ్లు మోసేది అది. "అన్నలు నీళ్లు మొయ్యాలి" అని రాయడానికి దానికి మూడు రోజులు పట్టింది. రాసి, వెనక్కి వచ్చి నిలబడి, నిజంగానే అన్నలు బకెట్లు పట్టుకుని పోతున్నట్టు చూసుకుంది. జ్ఞానం నాలుగు రోజులు తన్నుకుని, "బాత్రూంకి లోపల గడియ ఉండాలి" అని రాసింది. అది చదివి మేం ఎవరం నవ్వలేదు. మా క్వార్టర్స్‌లో గడియలెప్పుడో ఊడిపోయాయి. ఒకళ్లం లోపలికి వెళితే ఇంకొకళ్లం బయట కాపలా ఉండేవాళ్లం.

నేను మాత్రం మొండికేశాను. రాయనంటే రాయను. కాని వాళ్లు రాసింది తప్పని చెప్పడానికైనా చదవాలి కదా! అలా, తప్పులు పట్టే దురదతో చదువు నాకు అంటుకుంది. దిది అది కనిపెట్టింది. కనిపెట్టినట్టు కనబడనివ్వలేదు. అక్కడే నాకు ఆమె మీద కొంచెం గౌరవం కలిగింది.

రెండు వారాలయ్యాక ఒక రోజు దిది తనే ఒక చట్టం రాస్తానంది. మా మీద ప్రేమ పొంగిపోయిందేమో, పెద్ద అక్షరాలతో గుండ్రంగా రాసింది. 'కొళాయిపురంలో చెత్త ఉండదు.'

రాసి, మేం చప్పట్లు కొడతామని మా వైపు తిరిగింది.

"సెత్త లేపోతే మాయమ్మ ఏటి సేస్తాది?" అన్నాను.

"అంటే... మీ అమ్మ కష్టపడక్కర్లేదు కదా రాణీ."

"పని నేపోతే మమ్మల్ని ఆ ఊళ్లో ఎవులుండనిస్తారు? మాకీ క్వార్టర్స్ ఇచ్చిందే ఊడవడానికి. సెత్త నేదంటే మేవూ నేవనే కదా దిది."

పాప తల దించుకుంది. జ్ఞానం కిటికీలోంచి బయటికి చూస్తోంది. దిది మొహం ఎర్రగా కందిపోయింది. చున్నీ కొంగుతో ఆ వాక్యం మొత్తం తుడిచేసింది. చున్నీ అంతా సుద్ద అయింది.

"నాకు తట్టలేదు. మరి ఏం రాయాలి?" అంది. నిజంగానే అడిగింది.

సుద్దముక్క లాక్కున్నాను. మూడుసార్లు చెరిపి, దిది చేత రెండు అక్షరాలు చూపించుకుని, ఆమె తుడిచిన చోటే రాశాను. 'ఎవుడేసిన సెత్త ఆడే ఎత్తాల.'

నా బతుకులో నేను తెలుగులో రాసిన మొదటి వాక్యం అదే. దిది చదివింది. దిద్దుతుందని కాచుకుని ఉన్నాను. దిద్దలేదు. "ఇది మంచి చట్టం" అంది. ఆ సాయంత్రం అదే వాక్యం నా లెక్కల నోటుబుక్కు వెనక పేజీ నిండా రాసుకున్నాను.

ఆ వారమే కాలబైశాఖి కొట్టింది. గాలీవానా అరగంటసేపు ఊరిని ఉతికి ఆరేసి పోయింది. మర్నాడు తెల్లారి అమ్మ రాలిన ఆకులూ కొమ్మలూ ఎత్తుతుంటే తడి రోడ్డు మీద కాలు జారింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టి, ఆరు వారాలు చెయ్యి కదపకూడదన్నారు.

అమ్మది పర్మినెంటు ఉద్యోగం కాదు. సెలవులు కిందటేడు కామెర్లకే అయిపోయాయి. వరసగా పనికి రాకపోతే ఆమె ఊడిచే సందు, అంటే ఆమె బీటు, ఇంకొకరికి పోతుంది. నాన్న నరసయ్య షాలిమార్ గూడ్స్ యార్డులో మూటలు దించడానికి తెల్లారకముందే వెళ్లాలి. ఇలాంటప్పుడు మా క్వార్టర్స్‌లో పాతకాలం నుంచీ నడుస్తున్న పద్ధతి ఒకటుంది. ఇంట్లో ఒకరు పడితే ఇంకొకరు ఆ చీపురు పట్టుకుంటారు. హాజిరీ పుస్తకంలో పేరు మాత్రం ఆ పడ్డవాళ్లదే ఉంటుంది. దాన్ని బద్లీ అంటారు.

"మేరీరాణి ఎల్తాది" అంది మా మామ్మ ముసలమ్మ. అడగడం కాదు, చెప్పడం.

"సెలవులైపోగానే దానికి బడుంది అత్తా. పదో కలాసు" అంది అమ్మ.

"నాను పన్నెండేళ్లకి మాయమ్మకి బద్లీ నిలబడినాను. అలగ నిలబడితేనే నాకు ఉజ్జోగం అయినాది. ఆ ఉజ్జోగంతోనే నీ మొగుడు పెరిగినాడు. ఇదీ నిలబడితే పద్దెనిమిదేళ్లకి పేరు ఎక్కుతాది. బడి ఏటిస్తాది? ఇస్తానని ఎవుడైనా కాయితం రాసిచ్చినాడా?"

నాన్న పైకప్పు వైపు చూశాడు. అమ్మ కట్టు వైపు చూసుకుంది. హాజిరీ వేసే సర్దారు వెంకటరత్నం మా వాడే, అమ్మకి అన్న వరస. "పిల్లని పంపండి, సువర్ణ పేరుకి టిక్కు పెట్టీస్తాను" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. అందరూ నా మంచికే అన్నారు. బడి తెరిచినా నేను బీటుకే వెళతానని ఆ పూట తేలిపోయింది. ఏడుపు రాలేదు.

పాపతో చెప్పాను. "దిది అడిగితే జరం అని సెప్పు. నిజం సెప్పినావంటే సంపీస్తాను."

ఎందుకంటే అమ్మ బీటు దిది ఇంటి సందే.

పని నేర్పడానికి మామ్మ నాతో వచ్చేది. మోకాళ్ల నొప్పులతో గోడలు పట్టుకుని నడుస్తూనే, పని విషయంలో మాత్రం పెద్ద మేస్త్రమ్మలా ఉండేది. "నడుంతో ఊడవకు, సాయంత్రానికి మంచం ఎక్కుతావు. మోసేత్తో ఊడువు." "గాలికెదురు ఊడుస్తావేటి, బుర్ర నేదా?" ఒక మెట్టు మీద కూర్చుని సందంతా ఏలేది. వచ్చేపోయేవాళ్లు ఆమెని పలకరించేవాళ్లు. ఒకప్పుడు ఆమె ఊడ్చిన సందే, అక్కడి ముసలివాళ్లందరికీ ఆమె తెలుసు. మామ్మ తల ఎత్తి జవాబు చెప్పేది.

మూడో రోజు దిది ఇంటి గేటు చప్పుడైంది.

నేను చున్నీ ముక్కు మీదకి లాగేసుకున్నాను. ఇంకొంచెం లాగి కళ్ల వరకూ కప్పుకున్నాను. దిది పాల ప్యాకెట్ల సంచి పట్టుకుని బయటికి వచ్చింది. నన్ను చూసింది. నా చెప్పులు చూసింది. అవి క్లబ్బు గది గుమ్మం ముందు ఆమె రోజూ చూసేవే. గుర్తుపట్టింది, నాకు తెలుసు. వెంటనే తల అవతలికి తిప్పుకుని, ఆ గోడ మీద ఏదో అంటించి ఉంటే అది చదువుకుంటున్నట్టు వెళ్లిపోయింది.

నన్ను సిగ్గుపడకుండా కాపాడాలనుకుంది కాబోలు. నాకు మాత్రం చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

మామ్మ మెట్టు మీంచి ఇదంతా చూసింది.

సాయంత్రం దిది మా ఇంటికి వచ్చింది. మా గదిలో కుర్చీ లేదు. మంచం చివర కూర్చుంది. అమ్మ ఎడంచేత్తో టీ పెట్టింది. దిది గ్లాసు పట్టుకుని, తాగకుండా, "మామ్మగారూ, రాణి చదువు ఆపకండి. చాలా చురుకైన పిల్ల" అని మొదలుపెట్టింది. ఇంకా ఏవో మంచిమాటలు తయారు చేసుకుని వచ్చినట్టుంది. మామ్మ వాటిని గుమ్మం దాటనివ్వలేదు.

"నీ బాబుకి ఎప్పుడు టాన్సఫరు అమ్మా?"

"ఏమో... వచ్చే ఏడు అవచ్చు."

"నువ్వెల్లిపోతావు. ఇదుంటాది. దీనికి పెళ్లయినా, మొగుడు తాగినా, ఒదిలీసినా సీపురు ఒదల్దు. యాభై ఏళ్లు నాకు కూడెట్టినాది అది. నువ్వు సెప్పే సదువు దీనికి కూడెడతాదని నువ్వు పూచీ ఉంటావా?"

దిది గ్లాసు కింద పెట్టింది. "ఉండలేనండీ" అంది.

ఆ మాట మామ్మకి నచ్చిందని నాకు అర్థమైంది. అబద్ధం చెప్పేవాళ్లకి ఆమె చీపురుకట్టకిచ్చే విలువ కూడా ఇచ్చేది కాదు. అయినా గొంతు తగ్గించలేదు.

"మరి పొద్దున్న తల తిప్పీసినావేటి?"

దిది తల ఎత్తలేదు. "తప్పే మామ్మగారూ. ఏం చెయ్యాలో తెలీక..."

"ఇది ముసుగేసుకున్నాది. నువ్వు తల తిప్పీసినావు. ఇద్దరికిద్దరూ సరిపోనారు! నాను ఎండకి కొంగేసుకున్నాను, దుమ్ముకి గుడ్డ కట్టుకున్నాను. మనిసిని సూసి మాత్రం ఒక్కనాడు మొహం దాసుకోనేదు. దొంగతనం సేసినానా?" ఆయాసం వచ్చి ఆగింది. కాసేపటికి, కోపం పోయి ఒట్టి అనుమానం మిగిలిన గొంతుతో అడిగింది. "మీరు గోడ మీద రాజ్యం అదీ కట్టినారంట కదా. పాప సెప్పినాది. అందులో ఊడిసేవోలున్నారా నేరా?"

దిది నా వైపు చూసింది. నేను చెప్పక తప్పలేదు.

"సట్టం ఉంది మామ్మా. ఎవుడేసిన సెత్త ఆడే ఎత్తాల."

మామ్మ నవ్వింది. నవ్వి నవ్వి దగ్గొచ్చి, అమ్మ ఆమె వీపు నిమరాల్సి వచ్చింది. "ఓలమ్మ! ఎవులు రాసినారది?"

"నానే."

"నువ్వా? ఏదీ, సూపించు."

లెక్కల నోటుబుక్కు తీసి వెనక పేజీ చూపించాను. మామ్మకి అక్షరం రాదు. పేజీ మీద వేలు పెట్టి, "సదువు" అంది. చదివాను. "మళ్లీ" అంది. ఆమె వేలు ఒక్కో ముక్క మీద ఆగుతుంటే నేను ఒక్కో ముక్క చదివాను.

"మనం మాటాడినట్టే ఉన్నాది."

"అవును మామ్మా. మన మాటే."

"మన మాట రాసీవొచ్చేటి?"

"రాయొచ్చండీ" అంది దిది.

మామ్మ ఆ పేజీ వైపు ఇంకాసేపు చూసింది. తర్వాత నోటుబుక్కు మూసి, నా చేతికి ఇవ్వకుండా, తన తలగడ పక్కన పెట్టుకుంది. టీ చల్లారిపోయిందని దిది మీద కేకలేసింది. అంతే. నా బడి మాట ఆ రోజు ఇంకెవరూ ఎత్తలేదు. తర్వాత కూడా ఎత్తలేదు. నేను రోజూ బీటుకి వెళ్లాను. ముసుగు వేసుకోలేదు. దిది పాలకి వెళుతూ "గుడ్ మార్నింగ్ రాణీ" అనేది. నేను చీపురు ఆపి "గుడ్ మార్నింగ్ దిది" అనేదాన్ని. కొంచెం బాగుండేది, కొంచెం కష్టంగానూ ఉండేది. బడి తెరిచే సోమవారం మాత్రం దగ్గరికొస్తూ ఉంది.

ఆ సోమవారం తెల్లవారి లేచి తలుపు వెనక చెయ్యి పెట్టాను. చీపురు లేదు.

మామ్మ పక్క ఖాళీగా ఉంది. దుప్పటి మడిచి ఉంది. అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"నాలుగున్నరకే ఎల్లిపోనాది. కట్టున్న సేత్తో ఆపలేకపోనాను" అంది అమ్మ, ఏడుస్తూ.

పరిగెత్తాను. మొదటి బస్సు దొరికింది. సందు మొదట్లో దిగేసరికి బాగా తెల్లారింది. రాత్రి వాన పడి రోడ్డంతా ఆకులు. మామ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపి, నెత్తి మీద కొంగు లేకుండా, తెల్లజుట్టు ముడి వేసుకుని ఊడుస్తోంది. రెండు అడుగులకోసారి ఆగి మోకాలు పట్టుకుంటోంది. వెనకాల చెత్తబండి దగ్గర దిది ఉంది. పారని పప్పుగరిటె పట్టుకున్నట్టు పట్టుకుంది. బాల్కనీలో దిది అమ్మ జయలక్ష్మిగారు నిలబడి చూస్తున్నారు. సర్దారు వెంకటరత్నం హాజిరీ పుస్తకం చంకలో పెట్టుకుని, "అత్తా, ఈ వయసులో ఇదేటి, నాకు సెడ్డపేరు" అని బతిమాలుతున్నాడు.

"సువర్ణ పేరుకి టిక్కు పెట్టు. బద్లీ వొచ్చినాది కదా" అంది మామ్మ, చీపురు ఆపకుండానే.

నేను వెళ్లి చీపురు పట్టుకున్నాను. "ఇయ్యి మామ్మా. నువ్వు పడిపోతావు."

"ఒదులు."

"నాను సేస్తాను మామ్మా. సిగ్గు నేదు నాకు. నిజంగా నేదు."

"తెలుసు" అంది. "నీకు సిగ్గు పోయినాకనే ఒచ్చినాను. సీపురుకి సిగ్గుపడి బడికెల్లిపోతే ఆ సదువూ నిలవదు."

నేను వదల్లేదు. మామ్మ చీపురు కర్ర తిప్పి నా పిక్క మీద ఒక్కటి వేసింది. గట్టిగానే తగిలింది.

"బడికి ఆలీసం అయిపోతాది. నడు."

దిది పార ఎత్తి ఆకులు బండిలో వేసింది. సగం కిందే పడ్డాయి.

అమ్మ కట్టు విప్పేదాకా మామ్మే ఆ సందు ఊడ్చింది. మోకాళ్లు రెండూ వాచిపోయాయి. మళ్లీ మునుపటిలా ఎప్పుడూ నడవలేదు. నేను ఎంత చదివినా ఆ నడక తిరిగి ఇవ్వలేను.

ఆ సోమవారం మొదటి పీరియడ్ లెక్కలు. పిక్క మంటపెడుతోంది. బోర్డు మీద రాసింది ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. లేచి సందుకి పరిగెత్తాలని కాళ్లు లాగుతూనే ఉన్నాయి. బెంచీ రెండు చేతులతో పట్టుకుని, సాయంత్రం గంట కొట్టేదాకా కదలకుండా కూర్చున్నాను.